చెరువు చుట్టూ బాట: హైదరాబాద్ శివారు జలాశయాల నడకదారులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నగర శివారు చెరువు చుట్టూ నడకదారి వేయడం నేడు పట్టణాభివృద్ధిలో మామూలు పని. ఆ దారి ఉదయపు నడకకు సౌకర్యంగా, చెరువుకు అలంకారంగా మాత్రమే మనకు కనిపిస్తుంది. అయితే చెరువు పక్కన మనిషి నడిచిన దారికి దీర్ఘ చరిత్ర ఉంది. ఆ దారి మొదట నీటి కాపలా కోసం పుట్టింది. తరువాత రెండు నగరాలను కలిపే వీధి అయింది. చివరకు చెరువును చుట్టే వలయంగా మారింది. ఈ మూడు దశలను హుస్సేన్ సాగర్, గండిపేట, దుర్గం చెరువు, అమీన్‌పూర్ చెరువుల ఆధారంగా పరిశీలించి, నడకదారి ఎక్కడ పడితే అక్కడే చెరువు హద్దు స్థిరపడుతోందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చెరువు కట్ట, శిఖం, పూర్తి నీటిమట్టం, హుస్సేన్ సాగర్, గండిపేట, దుర్గం చెరువు, నడకదారి, గొలుసుకట్టు చెరువులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేలలో ఊరికీ చెరువుకూ ఉన్న సంబంధం నీటితోనే ముగిసిపోదు. కట్ట మీద మైసమ్మ గుడి, కట్ట కింద పొలం, రేవులో చాకలిబండ, కట్ట వెంట ఈత, తాటి చెట్లు, సద్దుల నాడు నీటిలోకి సాగిపోయే బతుకమ్మలు కలిస్తేనే చెరువు. వీటన్నిటినీ కలిపేది బాట. ఆ బాటను ఎవరూ ప్రత్యేకంగా నిర్మించలేదు. పని ఉన్నవారు నడిచారు, నడిచిన చోట బాట పడింది.

నేటి శివారు చెరువుల బాటలు అలా పుట్టినవి కావు. వాటికి నమూనా పటం, నిధులు, గుత్తేదారు, ప్రారంభోత్సవం ఉంటాయి. పరిచిన రాళ్లు, ఇనుప కంచె, దీపస్తంభాలు, వ్యాయామ పరికరాలు ఉంటాయి. ఎత్తుపల్లాలు లేకుండా, వృద్ధులూ పిల్లలూ సునాయాసంగా నడవగలిగేలా వీటిని తీర్చిదిద్దుతారు. ఈ సౌకర్యం అవసరమైనదే. నడవడానికి కాలిబాటలే కరువైన మహానగరంలో చెరువు ఒడ్డు చాలామందికి మిగిలిన ఏకైక ఆరుబయలు.

అయినా ఒక ప్రశ్న అడగవలసి ఉంది. పాత చెరువుకు చుట్టూ బాట ఎందుకు లేదు? కోనేటికి నాలుగు వైపులా మెట్లుంటాయి, చుట్టూ ప్రదక్షిణ మార్గం ఉంటుంది. చెరువుకు అలాంటిది లేదు. ఒక వైపు కట్ట మాత్రమే ఉండేది. మిగిలిన మూడు వైపులా స్థిరమైన దారి లేకపోవడం లోపమా, లేక చెరువు స్వభావంలోనే ఉన్న అవసరమా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం చెరువు దారులను ఈ వ్యాసంలో మూడు రకాలుగా విభజించుకుంటున్నాను: కట్ట మీద సాగేది కట్టబాట, నీటి అంచున కదిలేది అంచుబాట, చెరువును పూర్తిగా చుట్టేది వలయబాట.

2. కట్టబాట: కాపలాలోంచి పుట్టిన దారి

దక్కను పీఠభూమిలోని చెరువు సగం గిన్నె వంటిది. వాలు నేల మీద పారే వాననీటికి అడ్డంగా దిగువ వైపు మట్టికట్ట వేస్తారు. ఎగువ మూడు వైపులా సహజమైన వాలే గట్టు. కట్ట లోపలి ముఖానికి అలల తాకిడి తట్టుకునేలా రాళ్లు పేరుస్తారు. పొలాలకు నీరు వదలడానికి తూము, మిగులు నీరు పొర్లిపోవడానికి అలుగు ఉంటాయి. తెలంగాణలో అలుగునే మత్తడి అంటారు. మత్తడి దూకిన నీరు వృథాగా పోదు. దిగువనున్న మరో చెరువుకు చేరుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి అమరినవే గొలుసుకట్టు చెరువులు.

ఈ నిర్మాణంలో కట్ట పైభాగం సమతలంగా ఉండి తీరాలి. అది నడిచేవారి సుఖం కోసం కాదు. కట్ట ఒక్కచోట కుంగినా వరదనీరు అక్కడి నుంచే పొర్లుతుంది. పొర్లిన నీరు మట్టిని కోస్తుంది. కాసేపటికి గండి పడుతుంది. కాబట్టి కట్ట మొత్తం ఒకే ఎత్తులో, అలుగు మట్టానికి తగినంత పైన ఉండాలి. నేడు చెరువు కట్ట మీద నడక తేలికగా అనిపించడానికి మూలం ఈ ఇంజనీరింగ్ నియమమే. భద్రత కోసం చదును చేసిన నేల నడకకు కూడా అనువైంది.

ఆ కట్ట మీద మొదట నడిచినవాడు విహారి కాదు, నీరటి. తెలంగాణ గ్రామ వ్యవస్థలో నీటి పంపకం, తూముల నిర్వహణ, కట్ట కాపలా అతని బాధ్యతలు. రాయలసీమ ప్రాంతంలో నీరుగంటి అన్న పేరు వినిపిస్తుంది. కట్ట వెలుపలి ముఖాన తడి కనిపిస్తోందా, ఎలుకలు, పీతలు బొరియలు చేశాయా, చెట్టు వేరు కట్టను చీలుస్తోందా, రాతి పేర్పు జారిందా అని గమనించడానికి నడకను మించిన సాధనం లేదు. వానాకాలపు రాత్రుల్లో ఊరి నిద్ర నీరటి నడక మీద ఆధారపడేది. చెరువు నిండని ఏడాది తైబందీ ప్రకారం ఏ పొలానికి ఎంత నీరో చూసి పంచేదీ అతనే.

కట్ట భద్రతపై ఈ శ్రద్ధ ఎంత పాతదో చెప్పడానికి కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం మంచి ఆధారం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువును గురించి క్రీ.శ. 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను పేర్కొన్నది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. చెరువు నడుమ నేల ఎత్తుగా ఉండటం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నీటికీ సాగుభూమికీ పొంతన లేకపోవడం వంటివి మరికొన్ని. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్లలో చెరువు పూర్తయిందని కూడా ఆ శాసనం తెలుపుతుంది. ఊట దోషాన్ని కనిపెట్టాలంటే కట్ట మీద, కట్ట కింద ఎవరో ఒకరు నిత్యం నడవాలి. ఆ పనికి ప్రతిఫలంగా మాన్యాలుండేవి. చెరువు మరమ్మతులకు ఆంధ్ర ప్రాంతంలో ఇచ్చిన దశబంధ ఇనాములు ఈ కోవకు చెందినవే.

దీన్నిబట్టి కట్టబాట చెరువు నిర్మాణంలో అంతర్భాగమని, నడక ఆ నిర్మాణ నిర్వహణలో ఒక విధి అని చెప్పవచ్చు.

3. అంచుబాట: కదిలే గీత

కట్టకు ఎదురుగా, ఎగువ వైపున పరిస్థితి వేరు. అక్కడ నీటి అంచు స్థిరంగా ఉండదు. ఆశ్వయుజంలో నిండిన చెరువు మాఘం నాటికి వెనక్కి జరుగుతుంది. వైశాఖానికి కట్ట దగ్గర మడుగుగా మిగులుతుంది. నీరు విడిచిన ఆ నేలను తెలంగాణలో శిఖం అంటారు. పట్టా ఎవరిదైనా, ప్రభుత్వానిదైనా, నీరు వచ్చినప్పుడు అది చెరువే.

శిఖంలో పడే బాటలు నీటితోపాటే కదిలేవి. పశువులు, గొర్రెల మందలు నీటి కోసం ప్రతి నెలా మరికొంత లోపలికి నడిచేవి. ఎండాకాలంలో శిఖంలో దోస, పుచ్చ పెట్టినవారు తమ మడులకు కొత్త దారి చేసుకునేవారు. జాలరులు వల వేసే చోటు మారేది. కుమ్మరులు మట్టికి, రైతులు పొలానికి ఒండ్రు కోసం బండ్లు తోలుకొచ్చేవారు. పూడిక తీయడం ఈ రాకపోకల్లోనే కొంతవరకు జరిగిపోయేది. తొలి వానలు పడగానే ఈ బాటలన్నీ మునిగిపోయేవి. మరుసటి ఏడు మళ్లీ కొత్తవి పడేవి.

ఈ లోతులేని అంచు చెరువుకు ప్రాణం. వాగులు, కాలువలు తెచ్చే మట్టి, చెత్త అక్కడే నెమ్మదిస్తాయి. తుంగ, జమ్ము అక్కడే పెరుగుతాయి. చేప పిల్లలు అక్కడే ఎదుగుతాయి. కొంగలు, ఉల్లంకులు మోకాలి లోతు నీటిలోనే మేత వెతుక్కుంటాయి. పాత చెరువుకు చుట్టూ స్థిరమైన బాట లేకపోవడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. మూడు వైపులా చెరువు హద్దు గీత కాదు, ఋతువులతో ముందుకూ వెనక్కూ జరిగే పట్టీ. దాని మీద శాశ్వతమైన దారి వేయడం అప్పటివారికి అవసరమూ కాదు, అర్థవంతమూ కాదు.

4. హుస్సేన్ సాగర్: కట్ట వీధిగా మారిన తీరు

హైదరాబాద్ నగరం కంటే హుస్సేన్ సాగర్ పాతది. ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు నిర్మాణమైంది. మూసీ నది నుంచి తవ్విన కాలువ దీన్ని నింపేది. బల్కాపూర్ నాలాగా నేటికీ గుర్తున్నది ఆ కాలువే. నగర స్థాపన 1591లో జరిగింది. అంటే సుమారు మూడు దశాబ్దాలపాటు అది గోల్కొండకు దూరంగా, పొలిమేరలో ఉన్న సాగునీటి చెరువు. హైదరాబాద్ వెలసిన తరువాత కూడా చాలాకాలం అది నగరానికి ఉత్తర శివారే.

చెరువుకు ఆవల బ్రిటిష్ సైనిక స్థావరం ఏర్పడి, 1806లో సికిందర్ జా పేరున సికింద్రాబాద్ అయింది. అప్పటి నుంచి ఈ కట్ట రెండు నగరాల నడుమ దారి. నీరటి నడిచిన కట్ట మీద గుర్రపు బండ్లు, ఆ తరువాత మోటారు వాహనాలు సాగాయి. 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగా ఉన్నప్పుడు కట్టను వెడల్పు చేశారు. మైసూరు దివానుగా బెంగళూరులో ఉద్యానాలకు, వీధుల సౌందర్యానికి పేరు పొందిన పాలకుడాయన. హుస్సేన్ సాగర్ కట్టకు విహారస్థలమనే కొత్త రూపం ఇవ్వడంలో ఆ దృష్టి కనిపిస్తుంది. 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాలను కట్ట వెంట నిలిపింది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ జరిగిందీ, ఆ విగ్రహాల్లో కొన్ని ధ్వంసమైందీ ఇక్కడే. కట్ట ఎవరి జ్ఞాపకాలకు వేదిక కావాలన్న వాదం నిజానికి ఆ దారి ఎంత ముఖ్యమైనదో చెబుతుంది.

ఇక్కడ రెండు మార్పులు గమనించాలి. మొదటిది, కట్ట వీధిగా మారేకొద్దీ అది కట్ట అన్న స్పృహ తగ్గింది. ట్యాంక్‌బండ్ అన్న మాటకు చెరువు కట్ట అనే అర్థం. కాని నగరవాసి నోట అది ఒక రోడ్డు పేరు, ఒక బస్‌స్టాప్ పేరు. రెండవది, 1990ల్లో నెక్లెస్ రోడ్డు పేరుతో చెరువు పశ్చిమ తీరం వెంట కూడా దారి వచ్చింది. ట్యాంక్‌బండ్, ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు కలిసి హుస్సేన్ సాగర్‌ను పూర్తిగా చుట్టేశాయి. నాలుగు శతాబ్దాలకు పైగా ఒక వైపు మాత్రమే కట్ట ఉన్న చెరువుకు నలువైపులా గట్టు ఏర్పడింది. అంచుబాట స్థానంలో వలయబాట వచ్చింది. నెక్లెస్ అన్న పేరులోనే కొత్త ఊహ ఉంది: చెరువు ఇక అలంకరించవలసిన ఒక రూపం.

2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలను ఆపి, నడిచేవారికి వదిలే కార్యక్రమం మొదలైంది. నీరటి కాలం తరువాత కట్ట మళ్లీ పాదచారులది కావడం, వారానికి కొన్ని గంటలే అయినా, విశేషమే.

5. గండి నేర్పిన పాఠం: 1908 వరద, గండిపేట

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేల మంది ప్రాణాలు పోయాయి. వరదపై అధ్యయనానికి నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో తేలిన అంశం చెరువుల చరిత్రకు చాలా ముఖ్యం. నగరానికి ఎగువన మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా, వాటిలో 221 తెగిపోయాయి. ఈసీ వైపు 182, మూసీ వైపు 39. ఒక చెరువు తెగితే ఆ నీరు దిగువ చెరువును తెంచుతుంది. గొలుసుకట్టులోని బలమే బలహీనతగా మారింది. వాన ఎంత కురిసినా, కట్టలు నిలిచి ఉంటే నష్టం ఆ స్థాయిలో ఉండేది కాదని ఈ అంకెలను చూస్తే అర్థమవుతుంది.

ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ వెలిశాయి. ఉస్మాన్ సాగర్‌కు 1913లో శంకుస్థాపన జరిగి 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. వీటి తొలి ప్రయోజనం వరదను నిలువరించడం, రెండవది నగరానికి తాగునీరు. పక్కనున్న ఊరి పేరు మీదుగా ప్రజలు ఉస్మాన్ సాగర్‌ను గండిపేట అన్నారు. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాద్‌ను విడిచి పోలేరన్న నానుడి ఆ తాగునీటి కాలపు జ్ఞాపకం.

ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు. సముద్రమట్టం నుంచి లెక్కించిన ఈ అంకెలు ఒక కొత్త ఆలోచనను సూచిస్తాయి. పాత చెరువులో హద్దును చూపింది అలుగు రాయి. కొత్త జలాశయంలో హద్దు ఒక అంకె. ఆ అంకెను పటం మీద గీతగా మార్చవచ్చు, గీత వెంట రాళ్లు పాతవచ్చు. చెరువుల చుట్టూ నేటి వివాదాలన్నీ ఆ గీత చుట్టూ తిరుగుతున్నవే.

తరతరాలుగా గండిపేట నగరవాసుల వనభోజనాల చోటు. కట్ట దిగువ తోటలో చెట్ల కింద దుప్పటి పరచి, భోంచేసి, సాయంత్రం నీటిని చూసి తిరిగిరావడం పాతతరం హైదరాబాదీల సెలవుదినం. అక్కడ మనిషి నీటిని చుట్టి రాలేదు. ఒక చోట నిలబడి చూశాడు. ఎదుటి తీరం పొలాలకు, పక్షులకు, పశువులకు మిగిలింది. ఆ దూరాన్ని కాపాడే ప్రయత్నమే 1996 మార్చి 8 నాటి 111వ నంబరు ఉత్తర్వు. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను అది నియంత్రించింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షల సడలింపునకు దారి చూపడంతో మొదలైన చర్చ ఇంకా ముగిసిపోలేదు. ఒకవైపు ఆ గ్రామాల రైతులు తమ భూమికి విలువ రాలేదని బాధపడ్డారు. మరోవైపు దిగువ నగరం వరద భయాన్ని గుర్తుచేసింది. ఈ రెండు వాదాలూ న్యాయమైనవే కావడం సమస్యను క్లిష్టం చేసింది.

6. వలయబాట: నిబంధన, నమూనా

వలయబాట కేవలం అభిరుచితో వచ్చింది కాదు. దానికి చట్టబద్ధమైన చోటు కూడా ఉంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అంటే 168వ నంబరు ఉత్తర్వు, 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువుల చుట్టూ పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్ల మేర, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించాయి. అదే నిబంధన, వీలున్న చోట తీరం వెంట పచ్చదనంతోపాటు కనీసం 12 మీటర్ల వెడల్పున వలయ రహదారి లేదా విహార మార్గం వేయవచ్చని కూడా చెప్పింది. చెరువును కాపాడే పట్టీలోనే బాటకు స్థానం దొరికింది. బాట ఒక కంచెలా ఉండి ఆక్రమణను ఆపుతుందన్న ఆలోచన దీని వెనుక ఉందని ఊహించవచ్చు.

ఆ ఊహలో కొంత నిజం ఉంది. మనుషులు రోజూ నడిచే చోట రాత్రికి రాత్రి మట్టి లారీలు దిగడం కష్టం. చెరువు కంపు కొడితే ముందు పసిగట్టేది ఉదయం నడిచేవారే. ఫిర్యాదు చేసేదీ వారే. ఆ అర్థంలో నేటి విహారి పాత నీరటికి వారసుడు. వలయబాటను మొత్తంగా తిరస్కరించడం కాబట్టి సరి కాదు.

చిక్కు బాట ఉండటంలో లేదు, అది పడే చోటులో ఉంది. పూర్తి నీటిమట్టపు గీతకు వెలుపల పడితే బాట కంచె అవుతుంది. గీతకు లోపల, పూడిక మట్టినే గట్టుగా పోసి వేస్తే బాట కొత్త కట్ట అవుతుంది. అప్పుడు బాటకు ఆవల మిగిలిన శిఖం నీరు చేరని నేలగా మారుతుంది. కొన్నేళ్లకు అది చెరువు అన్న గుర్తు కూడా మిగలదు. బాటకు ఈవల చెరువు లోతైన గిన్నె అవుతుంది. మోకాలి లోతు అంచు మాయమవుతుంది. మరో నష్టం కూడా ఉంది. ఎగువ నుంచి వచ్చే నీటికి ఆ గట్టే అడ్డు. సరిపడా దారి వదలకపోతే వాననీరు చెరువులో చేరక ఎగువ కాలనీల్లో నిలిచిపోతుంది. చెరువు ఎండుతూ, పక్కనే వీధి మునుగుతూ ఉండే వింత దృశ్యానికి కారణం ఇదే.

దేశవ్యాప్త చట్టం ఈ ఖాళీని పూరించలేదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరదమట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత నిర్మాణాలను, పడవల రేవులు మినహా, నిషేధించాయి. కాని సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు నిర్మించిన జలాశయాలను చిత్తడి నేల నిర్వచనం నుంచి తప్పించాయి. దక్కను చెరువుల్లో అత్యధికం మనుషులు కట్టినవే. మనిషి కట్టాడన్న కారణంతోనే అవి ఆ రక్షణకు దూరమయ్యాయి.

వలయబాట నమూనా రాజధానికే పరిమితం కాలేదు. 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్నది. దానితోపాటే పట్టణాల చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లుగా తీర్చిదిద్దారు. సిద్దిపేట కోమటి చెరువు, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు ఇందుకు ఉదాహరణలు. ఒక చెరువు కట్ట పేరు రాష్ట్రమంతటా జాతినామంగా మారడం భాషాపరంగానూ ఆసక్తికరం. పల్లెలో కట్ట అనే మాట బతికి ఉండగానే, ఆ కట్టనే మినీ ట్యాంక్‌బండ్ అని పిలవడంతో, చెరువు కట్ట తన పేరునే అనువాదంలో అరువు తెచ్చుకున్నట్లయింది.

7. రెండు శివారు చెరువులు

దుర్గం చెరువు పేరే దాని చరిత్రను చెబుతుంది. గోల్కొండ దుర్గానికి నీరందించిన చెరువుగా ఇది ప్రసిద్ధం. కుతుబ్ షాహీల కాలపు నీటి సరఫరాలో మట్టి గొట్టాలు, నీటిని ఎత్తే యంత్రచక్రాలు భాగం. నల్లరాతి గుట్టల నడుమ బయటికి కనబడకుండా ఉండటం వల్ల దీనికి రహస్య సరస్సు అన్న పేరూ వచ్చింది. మాదాపూర్, జూబ్లీహిల్స్ పెరిగాక ఆ రహస్యం తొలగింది. 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభం కావడంతో అది నగరపు కొత్త చిత్రపటం అయింది. చెరువు పక్కన నడకదారులున్నాయి. సాయంత్రాలు జనంతో కళకళలాడతాయి. కాని అక్కడి నడకలో చెరువుకన్నా ముందు కంటికి తగిలేవి వంతెన దీపాలు, అద్దాల మేడలు. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది నడిచేవారికి తెలియజేసే గుర్తు బాట మీద ఉండవలసిన అవసరం ఉంది. గుట్టలు, చెరువు కలిసిన ఆ భూదృశ్యాన్ని ప్రజలకు చూపడానికి, 1996లో ఏర్పడిన శిలాపరిరక్షణ సంఘం నిర్వహిస్తూ వచ్చిన రాళ్ల నడకలు ఇక్కడ స్మరణీయం. నడకను చూపుగా, చూపును పరిరక్షణగా మార్చిన ప్రయత్నమది.

నగరానికి వాయవ్య శివారులోని అమీన్‌పూర్ చెరువుది వేరే కథ. ఇదీ కుతుబ్ షాహీల కాలపు సాగునీటి చెరువే. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర పరిధి జలాశయానికి ఈ గుర్తింపు దేశంలో అదే తొలిసారి. దానికి కారణం చెరువు అందం కాదు. లోతులేని అంచుల్లో వాలే పక్షులు. వలస పక్షులు మనిషి కట్టిన సాగునీటి చెరువును ఎంచుకోవడం, ఆ చెరువు ఊరి నుంచి నగరం చేతికి వచ్చినా వాటి రాక ఆగకపోవడం ఆలోచించదగినది. పక్షిని చూడాలంటే మనిషి కొంత దూరంలో ఆగాలి. అమీన్‌పూర్ వంటి చోట మంచి బాట అంటే చెరువును పూర్తిగా చుట్టని బాట. ఒక తీరాన్ని నడిచేవారికి ఇచ్చి, మరో తీరాన్ని చీకటికి, నిశ్శబ్దానికి వదిలే బాట.

8. సులభమైన నడక: ఎవరికి, దేనికి?

సులభమైన నడకదారి విలువను తక్కువ చేయరాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, చక్రాల కుర్చీ మీద ఆధారపడినవారికి, పసిపిల్లల తల్లులకు సమతలమైన బాట హక్కుతో సమానం. పాత కట్టబాట అందరిదీ కాదన్న సంగతి కూడా మరువరాదు. ఏ రేవు ఎవరిదో, ఎవరు ఎక్కడ నీరు ముట్టవచ్చో కులం నిర్ణయించిన కాలమది. ఆ నియమాలు లేని కొత్త బాట ఆ మేరకు మెరుగైనది. అయితే ప్రవేశ రుసుము, కంచె, గేటు వేళలు వచ్చిన చోట కొత్త మినహాయింపులు మొదలవుతాయి. గొర్రెల కాపరి, చాకలి, జాలరి బాట నుంచి తప్పుకుంటే, చెరువుతో పని ఉన్నవారు పోయి చెరువును చూసేవారు మాత్రమే మిగులుతారు.

2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్ పాతబస్తీ శివారున పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 1908 నాటి పాఠం నూరేళ్లు దాటాక మళ్లీ వచ్చింది. 2024 జూలైలో హైడ్రా సంస్థ ఏర్పాటుతో చెరువుల హద్దుల నిర్ధారణ రోజువారీ వార్త అయింది. ఆ హద్దులను కూల్చివేతల వేళ గాక, నడక వేళ ప్రజలకు తెలిసేలా చేయగలిగితే కట్టడం, కూల్చడం అనే విషాదం కొంత తగ్గుతుంది. ఇల్లు కొనేవారికి కూడా చెరువు ఎక్కడి దాకా వస్తుందో కంటికి కనిపించాలి. బాట చేయగలిగిన గొప్ప పని అదే.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• చెరువు దారి మొదట విహారం కోసం పుట్టలేదు. కట్ట భద్రత కోసం జరిగిన కాపలా నడక దాని మూలం. కట్ట సమతలంగా ఉండటం భద్రతా నియమం. నడక సౌఖ్యం దాని ఫలితం.

• పాత చెరువుకు మూడు వైపులా స్థిరమైన బాట లేకపోవడం లోపం కాదు. ఋతువులతో కదిలే శిఖం అంచు చెరువు జీవనానికి అవసరం.

• హుస్సేన్ సాగర్ కట్ట వీధిగా, విహారస్థలంగా మారిన క్రమం, నెక్లెస్ రోడ్డుతో పూర్తయిన వలయం, తరువాతి శివారు చెరువులకు నమూనా అయ్యాయి.

• 1908, 2020 అనుభవాలు కట్టల పరిరక్షణ, గొలుసుకట్టు సంబంధాల ప్రాధాన్యాన్ని ఒకేలా రుజువు చేస్తున్నాయి.

• నడకదారి పూర్తి నీటిమట్టానికి వెలుపల పడితే చెరువుకు కంచె, లోపల పడితే చెరువును కుదించే కొత్త కట్ట.

కనుక శివారు చెరువు చుట్టూ బాట వేసేటప్పుడు ముందు అలుగు మట్టాన్ని గుర్తించి, ఆ తరువాతే బాటను గీయాలి. నీరు వచ్చే చోట గట్టు కాకుండా వంతెన ఉండాలి. రాయి పరచిన దారికన్నా నీరింకే మట్టిదారి మేలు. తూము, అలుగు, పాత శిఖం హద్దు బాట మీద పేరుతో కనిపించాలి. ఒక తీరాన్నైనా బాట లేకుండా వదలాలి. ఇలా చేస్తే సాయంత్రం నడకకు వచ్చినవారు తెలియకుండానే నీరటి పని చేస్తారు: కట్ట తడిసిందా, అలుగు మూసుకుపోయిందా, నీరు ఎంత వెనక్కి వెళ్లిందో గమనిస్తారు. చెరువును చూసేవారు మళ్లీ చెరువును కాచేవారైనప్పుడే ఆ బాటకు చరిత్రలో చోటు ఉంటుంది.